విద్యుత్ ద్విచక్ర వాహనం: ఏ వేరియంట్? ఏ ఎక్స్‌ట్రా ఫిట్టింగు?

విద్యుచ్ఛక్తితో నడిచే స్కూటర్లు మన పట్టణాలలో నేడు వింత వస్తువులు కావు. కళాశాల స్టాండులోనూ వాటి సంఖ్య ఏటేటా పెరుగుతున్నది. అయితే బండి కొనదలచిన విద్యార్థి, అతని తండ్రి షోరూములో అడుగు పెట్టగానే ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతున్నది. చూడడానికి ఒకే బండి. ధరలు మాత్రం మూడో నాలుగో. ఒక్కొక్క ధరకు ఒక్కొక్క పేరు. వీటినే వేరియంట్లు అంటున్నారు. అన్నిటికంటె తక్కువ ధర గలది బేస్ మోడల్, ఎక్కువ ధర గలది టాప్ మోడల్. “ముందు చవకది తీసుకో, మిగతావి బయట చేయించుకోవచ్చు” అని ఒక హితుని సలహా. “ఎలాగూ లక్ష పెడుతున్నావు, ఇంకొక ఇరవై వేలకు వెనుకాడతావా?” అని మరొకరి సలహా. ఇద్దరూ మేలు కోరి చెప్పేవారే గాని, ఇద్దరి మాటలోనూ ఉన్నది సగం సత్యమే.

1972లో బజాజ్ చేతక్ స్కూటరు మార్కెట్టులోకి వచ్చినప్పుడు ఈ బెడద లేదు. డబ్బు కట్టి, పేరు నమోదు చేయించుకొని, సంవత్సరాల తరబడి వేచి ఉండడమే అప్పటి కొనుగోలుదారుని పని. ఎంపిక అంటే మహా అయితే రంగు. అదే చేతక్ పేరు 2020లో విద్యుత్ స్కూటరుగా తిరిగి వచ్చింది; ఇప్పుడు దానిలోనే ఎన్ని రకాలో! వేచి ఉండే బాధ పోయి తేల్చుకునే బాధ వచ్చింది.

ఈ వ్యాసంలో నేను ప్రతిపాదించే సూత్రం చాలా చిన్నది. విద్యుత్తును దాచే భాగం, బండిని ఆపే భాగం, ఈ రెండింటినీ అదుపు చేసే భాగం ఫ్యాక్టరీ నుండి ఎలా వచ్చాయో అలాగే ఉండాలి. కనుక వాటి విషయంలో వేరియంట్ ఎంపిక సమయంలోనే డబ్బు పెట్టాలి. చర్మంవంటి పైపై భాగాలకు షోరూములో అదనపు ధర చెల్లించనవసరం లేదు. ఈ సూత్రానికి కారణాలేమిటో, దానిని పాటించకుంటే నష్టం ఎంతదూరం పోతుందో పరిశీలిద్దాం.

ఇన్ని వేరియంట్లు ఎందుకు పుట్టాయి?

చాలామంది దీనిని వ్యాపారుల జిత్తు అనుకుంటారు. కొంత నిజమే. కాని అసలు కారణం ప్రభుత్వ రాయితీ లెక్కలో ఉన్నది. 2019 ఏప్రిల్‌లో మొదలైన ఫేమ్-2 పథకంలో రాయితీని బ్యాటరీ పరిమాణాన్ని బట్టి ఇచ్చారు. 2021 జూన్ నుండి కిలోవాట్-గంటకు 15,000 రూపాయలు, బండి ధరలో 40 శాతం మించకుండా. అప్పుడు పెద్ద బ్యాటరీ పెట్టినవానికి పెద్ద రాయితీ. 2023 జూన్ 1 నుండి దానిని కిలోవాట్-గంటకు 10,000 రూపాయలకు, ధరలో 15 శాతానికి తగ్గించారు. ఒక్కసారిగా ధరలు పెరిగాయి. పెరిగిన ధరను కొనుగోలుదారుడు భరించలేడని గ్రహించిన కంపెనీలు అదే బండిలో చిన్న బ్యాటరీ పెట్టి, తెరను చిన్నది చేసి, కొన్ని హంగులు తీసివేసి చవక వేరియంట్లను ప్రవేశపెట్టాయి. ఆ పథకం 2024 మార్చి 31తో ముగిసింది. 2024 అక్టోబరు 1న ఆరంభమైన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకంలో తొలి దశలో కిలోవాట్-గంటకు 5,000, బండికి 10,000 గరిష్ఠం. 2025-26 ఆర్థిక సంవత్సరంలో అది 2,500కు, 5,000కు దిగింది. గరిష్ఠాన్ని గమనించండి. 2 కిలోవాట్-గంటలతోనే రాయితీ నిండిపోయేది. ఆపైన కొనే ప్రతి కిలోవాట్-గంటకు పూర్తి ధర మన జేబులోనుంచే.

ఇక్కడ ఒక పాఠం చెప్పుకోవాలి. ఫేమ్-2లో ఫ్యాక్టరీ ధర లక్షా యాభై వేలు మించిన బండికి రాయితీ లేదు. ఆ హద్దులోపల ఉండడానికి కొన్ని కంపెనీలు ఛార్జరును, కొంత సాఫ్ట్‌వేరును విడి వస్తువులుగా లెక్క కట్టి అమ్మాయి. ఛార్జరు లేని విద్యుత్ బండి ఎందుకు పనికివస్తుంది? ప్రభుత్వం ఆక్షేపించిన మీదట 2023లో ఆ కంపెనీలు ఛార్జరు సొమ్ము కొనుగోలుదారులకు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. కనుక బిల్లులో ‘ఎక్స్‌ట్రా’ అని రాసినంత మాత్రాన ఒక వస్తువు ఎక్స్‌ట్రా అయిపోదు. అసలు, నకలు, జమా, ఖర్చు, వసూలు, రసీదు - మన బజారు మాటలన్నీ ఉర్దూ తెలుగులు రెండింటికీ ఉమ్మడి ఆస్తి. ఇందులో మొదటి రెండు మాటల తేడాను గుర్తించడమే కొనుగోలుదారుని చదువు.

యూనిట్ల లెక్క

కిలోవాట్-గంట అనగానే బెదరనవసరం లేదు. మన ఇంటి మీటరులో తిరిగే ఒక యూనిట్టే అది. 2 కిలోవాట్-గంటల బ్యాటరీ అంటే రెండు యూనిట్ల విద్యుత్తు పట్టే కుండ. బ్యాటరీమీద వోల్టులు, ఆంపియర్-గంటలు మాత్రమే ముద్రించి ఉంటే రెండింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే సరి: 60 వోల్టులు, 30 ఆంపియర్-గంటలు అయితే 1.8 యూనిట్లు. “60 వోల్టుల బ్యాటరీ, చాలా బలమైనది” అని అమ్మకందారుడు అంటే, ఆంపియర్-గంటలు చెప్పనంతవరకు అతడు ఏమీ చెప్పనట్లే.

కంపెనీ ప్రకటించే దూరం ప్రయోగశాలలో నిర్ణీత వేగాలతో, నిర్ణీత బరువుతో లభించినది. మన రోడ్లమీద, మన స్పీడు బ్రేకర్లమీద అది రాదు. ఒక మాదిరి స్కూటరు ఒక్క మనిషితో పట్టణంలో నడిస్తే కిలోమీటరుకు సుమారు 30 వాట్-గంటలు ఖర్చవుతుందని లెక్కకు అనుకుందాం. వెనుక మరొకరు కూర్చుంటే 38 అనుకుందాం. వేగం పెరిగితే గాలి అడ్డగింపు వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి ఖర్చు ఇంకా పెరుగుతుంది. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు దీనిని తమ బండిమీదే పరీక్షించి చూడవచ్చు.

ఇప్పుడు ఒక ఉదాహరణ. ఒక బండికి మూడు వేరియంట్లు ఉన్నాయనుకుందాం. ధరలు లెక్క కోసం నేను పెట్టుకున్నవే. మొదటిదానిలో 2 యూనిట్ల బ్యాటరీ, ధర 95,000. రెండవదానిలో 3 యూనిట్లు, 1,10,000. మూడవదానిలో అవే 3 యూనిట్లు, రంగుల తెర, ఫోనుతో అనుసంధానం, కొంత అధిక వేగం, 1,28,000. విద్యార్థి ఇల్లు కళాశాలకు 18 కిలోమీటర్లు, రానుపోను 36. ఒంటరిగా వెళితే రోజుకు 1.08 యూనిట్లు చాలు. కొత్తలో 2 యూనిట్ల బ్యాటరీ సునాయాసంగా సరిపోతుంది. కాని బ్యాటరీ ఎల్లకాలం కొత్తగా ఉండదు. కొన్ని సంవత్సరాలకు దాని సామర్థ్యం 75 శాతానికి దిగిందనుకుందాం: 1.5 యూనిట్లు మిగిలాయి. అందులో పదో వంతు అడుగున వదిలివేయవలసిందే కాబట్టి వాడుకోదగినది 1.35. ఒంటరిగా అయితే 45 కిలోమీటర్లు. చెల్లెలిని వెనుక కూర్చోబెట్టుకొని వెళితే 35 కిలోమీటర్లు మాత్రమే. ఇల్లు చేరడానికి ఇంకొక కిలోమీటరు ఉండగా బండి ఆగిపోతుంది! అదే 3 యూనిట్ల బ్యాటరీ అదే వయస్సులో ఇద్దరితో 53 కిలోమీటర్లు నడుస్తుంది.

కాబట్టి ఈ విద్యార్థికి మొదటి రెండు వేరియంట్ల మధ్య ఉన్న 15,000 న్యాయమైన ఖర్చు. రెండు మూడు వేరియంట్ల మధ్య ఉన్న 18,000 దూరాన్ని ఒక్క కిలోమీటరు కూడా పెంచదు. ఆ పద్దెనిమిది వేలను 12 శాతం వడ్డీతో మూడేళ్ళ కిస్తీలలో తీర్చితే మొత్తం 21,500 దాటుతుంది. తెర ఎంత అందంగా ఉన్నా ఎండలో అది కనిపించేది అంతంతమాత్రమే.

అయితే ఇదే సమాధానం అందరికీ వర్తించదు. ఇంటికి కళాశాల ఆరు కిలోమీటర్లే అయితే పెద్ద బ్యాటరీ కొనడం ఇద్దరున్న ఇంట్లో పదిమంది వంటపాత్ర కొనడమే. ఇంకొక సూక్ష్మం కూడా ఉన్నది. పెద్ద బ్యాటరీ ప్రతిరోజూ పూర్తిగా ఖాళీ కాదు. ఒకే దూరానికి 2 యూనిట్లది సగానికి పైగా ఖర్చయితే, 4 యూనిట్లది పావువంతుకు కొంచెం పైన ఖర్చవుతుంది. లోతుగా ఖాళీ అయ్యే బ్యాటరీ త్వరగా అలసిపోతుంది. కనుక పెద్ద బ్యాటరీ దూరాన్నే కాక ఆయుష్షును కూడా ఇస్తుంది. మన ఎండలు దీనికి తోడు. లిథియం సెల్‌కు వేడి పరమశత్రువు. మే నెలలో రామగుండంలోనో కర్నూలులోనో బండి నడిపి వచ్చి, కాగిన బ్యాటరీని వెంటనే ఛార్జింగుకు పెట్టకుండా ఒక అరగంట నీడలో ఆరనివ్వడం ఖర్చులేని అప్‌గ్రేడు.

“ఇప్పుడు చిన్నది కొని, తరువాత బయట పెద్ద బ్యాటరీ పెట్టించుకుంటాను” అనే ఆలోచనకు పన్ను లెక్క కూడా అడ్డు. విద్యుత్ వాహనంమీద వస్తు సేవల పన్ను 2019 ఆగస్టు 1 నుండి 5 శాతం. అదే లిథియం బ్యాటరీని విడిగా కొంటే 18 శాతం. 30,000 విలువగల బ్యాటరీమీద బండితోపాటు పన్ను 1,500; విడిగా 5,400. ఇక తెలంగాణలో 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయిస్తూ ఉత్తర్వు వెలువడింది. ఆ కాలంలో పై వేరియంట్ కొన్నంతమాత్రాన రోడ్డు పన్ను పెరగదు. మినహాయింపు లేనిచోట, ధరను బట్టి పన్ను ఉంటుంది గనుక, పన్నుతో కలిపిన ధరలనే పోల్చాలి.

తరువాత పెట్టించుకోలేనివి

బ్రేకులనే చూడండి. బేస్ మోడల్‌లో ముందు చక్రానికి డ్రమ్ బ్రేకు, పై వేరియంట్‌లో డిస్క్ బ్రేకు ఉండడం సాధారణం. “డిస్క్ బయట వేయించుకుంటే సరి” అనుకునేవారు ఆ పనిలో ఏమేమి మార్చాలో లెక్కించరు. చక్రం హబ్బు మారాలి. ముందు ఫోర్కుకు క్యాలిపర్ బిగించే చోటు ఉండాలి. హ్యాండిల్ దగ్గర బ్రేకు నూనె గిన్నె, గొట్టం రావాలి. చిన్న స్కూటర్లలో ఒక లివరు నొక్కితే రెండు చక్రాల బ్రేకులు కలిసి పనిచేసే ఏర్పాటు 2019 ఏప్రిల్ 1 నుండి తప్పనిసరి. ఆ పాళ్ళు చెడితే వానలో చక్రం జారుతుంది. పైగా విద్యుత్ బండిలో బ్రేకు లివరు నొక్కగానే మోటారుకు విద్యుత్తు ఆగే స్విచ్చి కూడా అక్కడే ఉంటుంది. వేరియంట్ల మధ్య తేడా డిస్క్ బ్రేకే అయితే, ఆ తేడా సొమ్మును షోరూములోనే చెల్లించడం మేలు.

ఛార్జరు కూడా ఈ కోవలోనిదే. ఒకే బ్యాటరీకి ఒక వేరియంట్‌లో చిన్న ఛార్జరు, మరొకదానిలో పెద్దది ఇస్తారు. రాత్రంతా ఇంట్లో ప్లగ్గు దొరికే విద్యార్థికి చిన్నది చాలు. హాస్టలులో రెండు గంటలు మాత్రమే ప్లగ్గు దొరికేవానికి చాలదు. అంతేగాని వేగంగా ఎక్కుతుందని మరొక కంపెనీ ఛార్జరు తెచ్చి తగిలించరాదు.

హామీ పత్రాన్ని కూడా ఒక భాగంగానే లెక్కించాలి. కొన్ని కంపెనీలు అదనపు సొమ్ముకు బ్యాటరీ హామీని పొడిగిస్తున్నాయి. ఏథర్ కంపెనీ ‘ఎయిట్70’ పేరుతో ఇచ్చేది 8 సంవత్సరాలు లేదా 80,000 కిలోమీటర్ల వరకు 70 శాతం సామర్థ్యానికి పూచీ పడుతుంది. బ్యాటరీయే బండిలో అత్యంత ఖరీదైన భాగం గనుక, రోజూ దూరం తిరిగేవారు రంగుల తెరకు పెట్టే డబ్బును ఇటువంటి దానికి పెట్టడం తెలివి. అయితే బ్యాటరీనో వైరింగునో బయట విప్పించిన మరుక్షణం ఆ హామీ చెల్లకుండా పోతుందని పత్రంలో చిన్న అక్షరాలలో ఉంటుంది.

సాఫ్ట్‌వేరు ప్యాకేజీల గురించి రెండు మాటలు చాలు. ఏథర్‌లో ప్రో ప్యాక్ అని, చేతక్‌లో టెక్‌ప్యాక్ అని అంటారు. బండిలోని యంత్రసామగ్రి చాలావరకు అదే. డబ్బు కడితే కొన్ని సౌకర్యాల తాళం తీస్తారు. మన బండిలో ఉన్నదానికి మనమే మళ్ళీ డబ్బు కట్టడమేమిటని కోపం రావచ్చు, నాకూ వస్తుంది. కాని ఎత్తులో బండి వెనక్కు జారకుండా ఆపే సౌకర్యం వంటిది ఘాటురోడ్డుమీద తిరిగేవారికి పనికివస్తుంది. పాటలు వినిపించేది ఎవరికీ అక్కరలేదు.

బయటి పని: ఎక్కడివరకు?

ఇక అసలు ప్రమాదం ఉన్న చోటికి వద్దాం. బజారులో అన్నిటికంటె చవకగా దొరికేవి తక్కువ వేగపు బండ్లు. కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 2(యు) ప్రకారం మోటారు సామర్థ్యం 250 వాట్లకు లోపల, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపల ఉన్న బ్యాటరీ బండి మోటారు వాహనం కిందకు రాదు. దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా అక్కరలేదు. ఇంటర్మీడియట్ విద్యార్థులకు తల్లిదండ్రులు వీటిని కొనిపెట్టడంలో ఆశ్చర్యం లేదు. నిజానికి దగ్గర దూరాలకు ఇవి మంచి బండ్లే.

తరువాత ఏమి జరుగుతుంది? “స్పీడు లాక్ తీస్తే 45 పోతుంది” అని ఒక మెకానిక్ చెబుతాడు. ఒక వైరు కత్తిరించడమో, కంట్రోలరు మార్చడమో, కొద్దిపాటి ఖర్చు. ఈ ఒక్క పనితో ఆ బండి చట్టం దృష్టిలో మోటారు వాహనమవుతుంది. రిజిస్ట్రేషన్ లేని, బీమా లేని, చాలా సందర్భాలలో లైసెన్సు లేని పిల్లవాడు నడుపుతున్న మోటారు వాహనం. అది రోడ్డుమీద ఒక ముసలాయనకు తగిలిందనుకోండి. బీమా కంపెనీ లేదు గనుక నష్టపరిహారాన్ని ట్రిబ్యునల్ యజమానిమీదనే, అంటే తండ్రిమీదనే విధిస్తుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 199ఏ సెక్షను ప్రకారం, మైనరు నేరం చేస్తే సంరక్షకునికి లేక యజమానికి మూడేళ్ళవరకు జైలు, 25,000 జరిమానా. చవక బండిమీద మిగిలిన డబ్బు ఎక్కడికి పోయినట్లు?

రిజిస్టరైన బండ్లవిషయంలో 52వ సెక్షను ఉన్నది. రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షను కింద, ఒక్కొక్క మార్పుకు 5,000 జరిమానా లేదా ఆరు నెలలవరకు జైలు. పాత పెట్రోలు బండికి విద్యుత్ కిట్టు పెట్టించుకోవడానికి మార్గం ఉన్నది గాని, ఆ కిట్టు ఆమోదం పొందినదై, మార్పు రిజిస్ట్రేషన్ పత్రంలోకి ఎక్కాలి.

చట్టం మాట అలా ఉంచి విద్యుత్తు మాట చూద్దాం. చవక బండ్లలో చాలావాటికి లెడ్-యాసిడ్ బ్యాటరీలు ఉంటాయి. బరువు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. అవి పాడైనప్పుడు లిథియం బ్యాటరీ పెట్టించుకోవడం సహజమైన కోరిక. వీధి చివరి షాపులోనే సెల్స్ అతికించి ప్యాకు కట్టి ఇస్తారు. పాత ఛార్జరు ఇంట్లో ఉన్నది. రెండూ ‘60 వోల్టులే’. ఇక్కడే మోసం. 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీలు అయిదింటిని నింపే ఛార్జరు, ఒక్కొక్కదానికి 14.7 చొప్పున, 73.5 వోల్టులవరకు పోతుంది. నికెల్-మాంగనీసు రకం లిథియం సెల్స్ 16 వరుసగా కట్టిన ప్యాకు 4.2 చొప్పున 67.2 వోల్టులకే నిండుతుంది. అంటే దాదాపు ఆరు వోల్టులు అధికంగా తోస్తున్నాము. ఆ క్షణంలో ఇంటిని కాపాడుతున్నది ప్యాకులోని బి.ఎం.ఎస్. అనే చిన్న రక్షణ పలక ఒక్కటే. అది కూడా నాసిరకమైతే? ఐరన్-ఫాస్ఫేటు రకం సెల్స్ 20 కడితే 73 వోల్టులకు నిండుతాయి. వాటికి పాత ఛార్జరు దగ్గర దగ్గరగా సరిపోతున్నట్లు కనిపించినా, అది కూడా వాటికోసం చేసినది కాదు. ప్యాకు, రక్షణ పలక, ఛార్జరు ఈ మూడూ ఒకే జతగా, బిల్లుతో, హామీతో వస్తేనే కొనాలి. లేకుంటే మళ్ళీ లెడ్-యాసిడ్ వేయించుకోవడమే క్షేమం.

2022లో దేశంలో పలుచోట్ల విద్యుత్ బండ్లు తగలబడిన తరువాత కేంద్రం ఏఐఎస్-156 అనే బ్యాటరీ ప్రమాణాన్ని కఠినం చేసింది. 2022 డిసెంబరు 1 నుండి ఒక దశ, 2023 మార్చి 31 నుండి రెండవ దశ. బ్యాటరీలో నీరు చొరరాదు. వేడిని కొలిచే సాధనాలు ఉండాలి. లోపల ప్రమాదం తలెత్తితే నడిపేవానికి హెచ్చరిక అందాలి. షోరూము బండి ఈ పరీక్షలు దాటి వస్తుంది. వీధి చివర కట్టిన ప్యాకు ఏ పరీక్షా దాటదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో, కింద విద్యుత్ స్కూటర్ల షోరూము, పైన హోటలు ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది చనిపోయారు. పొగ మెట్లదారి గుండా పైకి పాకింది. మనలో ఎందరి ఇళ్ళలో బండి ఛార్జింగుకు పెట్టేది మెట్లకిందనే కాదా? పాతబస్తీ సందులలో ఇంటికి ఒకటే దారి, ఆ దారిలోనే బండి. బ్యాటరీతో బయట చేయించే ప్రయోగం బండివాని ఒక్కని సొంత వ్యవహారం కాదనడానికి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

నిర్భయంగా బయట కొనదగినవి

సీటు కవరు, కాళ్ళకింద రబ్బరు చాప, ఫోను పెట్టుకునే స్టాండు, వాన కవరు, సామాను కొక్కెం: ఇవన్నీ బజారులో షోరూము ధరకంటె చవక. షోరూమువారు వీటిని కట్టగా కట్టి ప్యాకేజీ అని అంటగడతారు. వద్దనడానికి మొహమాట పడరాదు. టైర్లు అరిగినప్పుడు అదే కొలత, అదే భారం మోసే మంచి రకం టైరు వేయించుకోవడం ఉత్తమమైన అప్‌గ్రేడు. మెత్తని రబ్బరు టైరు వానాకాలంలో పట్టునిస్తుంది, కాస్త విద్యుత్తు మాత్రం ఎక్కువ తింటుంది. అదనపు లైట్లు, పెద్ద హారనుల జోలికి పోకపోవడమే మంచిది. వాటికోసం వైరింగు కోయాలి.

రెండు వస్తువుల విషయంలో మాత్రం విద్యార్థినులు, వారి తల్లిదండ్రులు షోరూములో గట్టిగా అడగాలి. మొదటిది చీర గార్డు. కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 123వది, వెనుక కూర్చున్నవారి దుస్తులు చక్రంలో చిక్కుకోకుండా చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ, కాలు ఆన్చే పీట, పట్టుకునే పిడి ప్రతి మోటారు సైకిలుకు ఉండాలని చెబుతున్నది. చీర, చున్నీ, బురఖా ఏదైనా ఒక్క చెరగు చాలు ప్రాణం మీదికి రావడానికి. చట్టం ఉండి తీరాలన్న వస్తువును ఎక్స్‌ట్రా ఫిట్టింగుల జాబితాలో చేర్చి ధర కడితే ఎందుకని ప్రశ్నించవచ్చు. రెండవది హెల్మెట్టు. బండి అమ్మే సమయంలో ప్రమాణాలకు తగిన హెల్మెట్టు ఇవ్వడం 138వ నియమం ప్రకారం తయారీదారుని బాధ్యత. దానిమీద ఐ.ఎస్.ఐ. గుర్తు, ఐఎస్ 4151 అనే అంకె చూచుకోవాలి. వెనుక కూర్చునేవారికి రెండవ హెల్మెట్టు మనమే కొనాలి. మూడవ వేరియంట్ వదులుకుని మిగిల్చిన పద్దెనిమిది వేలలో ఇది ఎన్నో వంతు?

కళాశాల కమిటీవారికి ఒక విన్నపం

పై ఉదాహరణలో 2 యూనిట్ల బ్యాటరీ ఎందుకు చాలలేదో మళ్ళీ చూడండి. రానుపోను 36 కిలోమీటర్లకు ఒకే ఛార్జింగు కావడం వలన. కళాశాల స్టాండులో ఒక ప్లగ్గు ఉంటే? 18 కిలోమీటర్ల ఒకవైపు ప్రయాణానికి ఇద్దరితో 0.68 యూనిట్లు. వయసు మళ్ళిన చిన్న బ్యాటరీకి కూడా అది సులువు. అంటే కళాశాలలో పెట్టిన ఒక ప్లగ్గు ప్రతి విద్యార్థి కుటుంబానికి పెద్ద బ్యాటరీ ఖర్చును తప్పిస్తుంది. చవక వేరియంట్ న్యాయంగానే సరిపోతుంది, బయటి ప్యాకుల వంక చూడవలసిన అవసరం తప్పుతుంది.

ఖర్చు ఎంత? ఛార్జరులో పోయేది కలుపుకొని బండికి రోజుకు 0.8 యూనిట్లు అనుకుందాం. పది బండ్లకు 8 యూనిట్లు. 200 పనిదినాలకు 1,600 యూనిట్లు. యూనిట్టు 10 రూపాయలు అనుకున్నా సంవత్సరానికి 16,000. విద్యార్థులనుండి రోజుకు 8 రూపాయలు వసూలు చేస్తే కళాశాలమీద విద్యుత్తు భారం పడదు. ప్లగ్గులు 16 ఆంపియర్లవి కావాలి. ఒక్కొక్కదానికి విడిగా ఎం.సి.బి., మొత్తానికి లీకేజీని పసిగట్టే స్విచ్చి, సరియైన ఎర్తింగు ఉండాలి. పైకప్పు రేకులదైనా పక్కలు తెరచి ఉండాలి. గ్రంథాలయం మెట్లకింద గాని, పరీక్షల హాలు ద్వారం పక్కన గాని ఈ ఏర్పాటు తగదు. ప్రహరీగోడ వెంబడి ఇప్పుడున్న స్టాండు చివరి భాగం అనువైనది. ఎక్స్‌టెన్షన్ వైర్లను అనుమతించరాదు. బండితో వచ్చిన కంపెనీ ఛార్జరు కానిదానిని ప్లగ్గులో పెట్టనివ్వరాదు. లాక్ తీసిన బండికి, వీధిలో కట్టిన ప్యాకుకు ఇక్కడ ఛార్జింగు లేదని బోర్డుమీద రెండు భాషలలోనూ రాయించాలి. మెయిన్ స్విచ్చి తాళం స్టాండు కాపలాదారు వద్ద ఉండి, కళాశాల విడిచిన వెంటనే కట్టివేయబడాలి.